మర్దించు చేతికి మందేది?

చేతిపని చేసి బ్రదుకు స్త్రీకి చేయియే మాన్యము, చేయియే పంట. వానలు లేని యేడు చేను పండకపోయినను, మఱుసటియేడు పండునను నాస రైతునకు మిగులును. చేయి చెడినచో నాయాసయు నుండదని పలువురు తలంతురు. ఆ తలంపు నిజమా కాదా యని విచారించుటయే యీ మాసము మా యుద్దేశము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో బాలింతలకును పసిబిడ్డలకును నూనె రాచి, యొడలు పిసికి, నలుగు పెట్టి నీళ్లు పోయు స్త్రీలు నేటికిని కలరు. పురిటింటికి వారు వచ్చినప్పుడు పీట వేయుదుము. ఆముదము వెచ్చచేసి యిత్తుము. వారి హస్తవాసిని కొనియాడుదుము. పూర్వ మీ పని తల్లినుండి కూతునకును, అత్తనుండి కోడలికిని సంక్రమించెడిది. ఇప్పు డిది యొక జీవనవృత్తిగా మాఱినది. కుప్పమున రైలెక్కి బెంగుళూరు చేరి, అచ్చటి పురిటిండ్లలో నీపనియే చేసి సంపాదించుకొనుటకు వీలున్నది. ఆయుర్వేద చికిత్సాలయములలోను, సౌందర్యశాలలలోను అభ్యంగము చేయు స్త్రీలకు పని దొరకుచున్నది. పెట్టుబడి పెట్ట నక్కఱలేదు. పెద్దచదువు చదువ నక్కఱలేదు. రెండు చేతులును ఓర్పును ఉన్న చాలును. భర్త గతించినదియో, భర్త యున్నను ఆదాయము చాలనిదియో యగు నిల్లాలికి ఇంతకంటె దగ్గఱి దారి సులభముగా దొరకదు.

ఇట్టి వృత్తిని నేర్వదలచిన యొకామెకు ముందే మణికట్టున నొప్పి యున్నదనుకొందము. లేదా, పదియేండ్లుగా నీపని చేయుచున్న యామెకు బొటనవ్రేలి మొదట సలుపు పుట్టినదనుకొందము. ఆమెకు ముగ్గురు మూడు సలహాలు చెప్పుదురు. ఒకరు “మానుకొమ్మ”ందురు. ఒకరు “ఓర్చుకొమ్మ”ందురు. మూడవవారు “కట్టు కట్టించుకొమ్మ”ందురు. మానుకొన్నచో పొయ్యిలో పిల్లి లేవదు. ఓర్చుకొన్నచో చేయి మిగులదు. కట్టు మాట విచారింపవలసినదే గాని, ఆనొప్పి యెట్టిదో తెలియకుండ కట్టిన కట్టు కన్ను మూసికొని వైచిన రాయి వంటిది. కావున మొదట తెలిసికొనవలసినది నొప్పి పేరు.

నొప్పులన్నియు నొక్కటి కావు

మణికట్టు చూచుటకు చిన్నదే కాని, అందు ఎనిమిది చిన్న యెముక లిమిడియున్నవి. వాని ముందువైపున నొక యిఱుకైన సందు కలదు. దానికి పైకప్పువలె నొక గట్టి పట్టీ యుండును. ఆసందునుండి వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులును, వానితోపాటు ఒక ముఖ్యమైన నరమును అఱచేతిలోనికి పోవుచున్నవి. స్నాయువుల చుట్టునున్న పొర వాచినచో ఆయిఱుకున నలుగునది నరమే. అప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. నడురేయి మెలకువ వచ్చి చేయి విదలించుకొనవలసివచ్చును. చెంబు పట్టుకొన్నచో జాఱిపోవును. దీనిని వైద్యులు కార్పల్ టన్నెల్ వ్యాధి యందురు. ఇట్లు నరము నొక్కబడుటను జేమ్స్ పేజెట్ అను నాంగ్ల వైద్యుడు 1854లోనే వర్ణించెను. ఇది పురుషులకంటె స్త్రీలకే యెక్కువ. గర్భిణులకును, మధుమేహము గలవారికిని, థైరాయిడు గ్రంథి మందగించినవారికిని మఱింత తఱచు. గర్భసమయమున వచ్చినది ప్రసవానంతరము చాలవఱకు తనంతట తగ్గిపోవును.

రెండవది బొటనవ్రేలివైపు మణికట్టున వచ్చు నొప్పి. బొటనవ్రేలిని చాపునట్టి రెండు స్నాయువులు అచ్చట నొక సన్నని యొరలో కదలుచుండును. ఆయొర మందమైనచో బిడ్డను చంకలక్రింద చేతులుంచి యెత్తినప్పుడును, తడిగుడ్డ పిండినప్పుడును కత్తితో కోసినట్లుండును. స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వేన్ 1895లో దీనిని వెల్లడించుటచే దీని కాయన పేరే నిలిచినది. బొటనవ్రేలిని పిడికిట మూసి, పిడికిలిని చిటికెనవ్రేలివైపు మెల్లగా వంచినచో ఈనొప్పి చురుక్కుమని పైకి వచ్చును. మర్దనము చేయువారికే కాదు, క్రొత్తగా తల్లులైనవారికిని ఇది తఱచు వచ్చుచుండును. కాన మర్దనము చేయునామెకును, చేయించుకొను బాలింతకును ఒక్కటే వ్యాధి యుండుట వింత కాదు.

మూడవది బొటనవ్రేలి మొదటి కీలు అరుగుట. నడివయస్సు దాటిన స్త్రీలలో నిది విశేషము. సీసా మూత త్రిప్పుటయు, తాళము తీయుటయు కష్టమగును. నాలుగవది వ్రేలు ముడిచినచోటనే చిక్కుకొని, తీసినప్పుడు టక్కుమని వచ్చుట. మధుమేహ మున్నవారు దీనిని కనిపెట్టవలయును. ఐదవది కీళ్లవాతము. రెండుచేతుల వ్రేళ్ల కణుపులును వాచి, ప్రొద్దున గంటసేపు, అంతకు మించియు బిగిసియుండినచో అది పనివలన వచ్చిన నొప్పి కాదు. రక్తపరీక్ష చేయించుకొని మందు వాడవలసిన వ్యాధి. ఇప్పటి మందులను తొందరగా మొదలుపెట్టినచో వ్రేళ్లు వంకరపోకుండ చాలవఱకు కాపాడుకొనవచ్చును. ఆఱవది చెప్పుటకు జంకవలసిన పని లేదు: చర్మముమీద రంగు తగ్గిన మచ్చ యుండి, దానిపై స్పర్శ తెలియక, చేయికూడ మొద్దువాఱినచో కుష్ఠువ్యాధి యున్నదేమో చూపించుకొనవలయును. నేడది నిర్ణీతకాలము మందులు మ్రింగినచో పూర్తిగా నయమగు వ్యాధి. దాచినచోనే చేటు.

మన చిత్తూరుసీమలో చేతికి దెబ్బ తగిలినంతనే “పుత్తూరుకట్టు” జ్ఞప్తికి వచ్చును. ఆకట్టు విఱిగిన యెముకలకు ప్రసిద్ధి గాంచినది. కాని పైన చెప్పినవానిలో నెముక విఱిగినది యొక్కటియు లేదు. నరము నలిగిన చేతిని బిగించి కట్టినచో నలుగుట యెక్కువ గావచ్చును. కావున తిమ్మిరియున్న చేతిని మొదట వైద్యునికి చూపుడు. కుప్పము చేరువ పి.ఇ.ఎస్. వైద్యకళాశాల యాసుపత్రియు, తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రియు, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయు ఈప్రాంతమువారికి అందుబాటున నున్నవి.

ఎవరు మొదలిడవచ్చును, ఎవరు ఆగవలయును?

నొప్పి పేరు తెలిసిన పిదప సమాధానము సగము దొరకినట్లే. రాత్రులందు మాత్రము తిమ్మిరి వచ్చిపోవుచు, పగలు చేతిబలము తగ్గనివారు, మణికట్టును వంగకుండ నిలుపు పట్టీని కొన్నివారములు రాత్రి పరుండునప్పుడు కట్టుకొని, చక్కెరను, థైరాయిడును పరీక్షింపించుకొని, గుణము చూచుకొని మెల్లగా పని నేర్వవచ్చును. తిమ్మిరి యెడతెగక యుండి, బొటనవ్రేలి క్రింది కండ పలుచబడినవారు మాత్రము చికిత్సకు ముందు పనిలో దిగరాదు. ఆనరమునకు కాలహరణమే శత్రువు. గట్టి పట్టీని కోసి నరమునకు చోటు కల్పించు శస్త్రచికిత్స చిన్నది. సాధారణముగా నాడే యింటికి పంపుదురు. అయినను పిడికిటి బలము పూర్తిగా తిరిగివచ్చుటకు కొన్నిమాసములు పట్టును. ఆమాసముల గ్రాసము ముందే చూచుకొనుట వివేకము.

బొటనవ్రేలివైపు స్నాయువుల నొప్పి విశ్రాంతిచేతను, వ్రేలిని కదలనీయని పట్టీచేతను, అవసరమైనచో వైద్యుడు వేయు సూదిమందుచేతను చాలమందికి తగ్గును. తగ్గిన పిదప అదే తీరున పని చేసినచో మరల వచ్చును. తీరు మార్చుకొన్నవారు కొనసాగవచ్చును. కీలరుగుదల యున్నవారు బొటనవ్రేలితో నొక్కుటను విడువవలయును. వృత్తిని విడువ నక్కఱలేదు. కీళ్లవాతము గలవారు, వ్యాధి మందులకు లొంగినదని వైద్యుడు చెప్పిన తరువాతనే తేలికయైన పనిని చూచుకొనవలయును. నొప్పి తెలియకుండ మాత్ర మ్రింగి బలముగా పిసుకుట, కుక్క నోరు కట్టి దొంగను పిలుచుట వంటిది. నొప్పి మనకు కావలి. అది యఱచినప్పుడు వినవలయును.

మఱియొక లెక్క కలదు. మణికట్టునకు మర్దనమొక్కటియే పని యైనచో నింత బాధ లేదు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గమువద్ద కండె చుట్టు చేయియే, తోటలో టమాటాలు కోయు చేయియే, పట్టుపురుగులకు మల్బరీ యాకు కోయు చేయియే, పుంగనూరు పల్లెలలో ఆవును పిదుకు చేయియే, ఇంటికి వచ్చి పిండి పిసికి, గుడ్డలుతికి పిండవలయును. ఆచేతితోనే నలుగురికి నూనె రాయవలయునన్నచో అది చేయియా, గానుగయా? కావున మర్దనవృత్తికి వచ్చు స్త్రీ తన దినచర్యను వ్రాసికొని, చేతిని పిండునట్టి పనులలో నేది యింటివారు పంచుకొందురో ముందే తేల్చుకొనవలయును. తడిబట్టలను మెలిపెట్టి పిండుటకు మాఱుగా దండెముమీద వైచి నొక్కి నీరు దింపుట చిన్న మార్పే కాని, మణికట్టునకు పెద్ద మేలు.

వేలూరు చెప్పిన పాఠము

“చెడిన చేతితో పని యేల?” అనువారికి మన సరిహద్దునకు చేరువనున్న వేలూరే సమాధానము చెప్పినది. అచ్చటి వైద్యకళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు, కుష్ఠురోగమువలన ముడుచుకొనిపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో చాపించు విధానమును కనుగొనెను. చేయి బాగుపడిన తరువాత రోగి చేయవలసిన దేమి? స్పర్శ లేని చేయి కాలినను, కోసికొన్నను తెలియదు. కావున ఆయన పని నేర్పునప్పుడే చేతిని కాపాడుకొనుట నేర్పించెను. పనిముట్ల పిడులను చేతికి తగినట్లు మార్పించెను. చేతిని పనికి లొంగదీయుట కాదు, పనిని చేతికి లొంగదీయుట యాయన మార్గము.

ఆ కళాశాలలోనే డాక్టరు మేరీ వర్గీసు అను యువతి యుండెను. 1954లో మోటారు ప్రమాదమున నామె వెన్ను దెబ్బతిని నడుము క్రిందిభాగము చచ్చుపడెను. వైద్యురాలిగా ఆమె కథ ముగిసినదని యందఱు అనుకొనియుందురు. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. చేతిశస్త్రము కూర్చుండి చేయదగిన పని గదా! తరువాత అంగవికలుల పునరావాస వైద్యమును అభ్యసించి వచ్చి, ఆశాఖను నడిపెను. 1966లో వేలూరులో పునరావాససంస్థ వెలసినది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుద మిచ్చినది. ఆమె తన వృత్తిని మానలేదు. ఉన్నవృత్తిలోనే తన దేహమునకు తగిన భాగమును ఎన్నుకొనెను. మణికట్టు నొప్పిగల మర్దనకారిణికిని ఈయెన్నికయే దారి.

బలము చేతిది కాదు, దేహమునది

మర్దనము వ్రేళ్ల బలముచే జరుగవలయుననుట పొరపాటు. కేరళమున కళరివారు పైనుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని, నేలపై పరుండినవాని యొడలిని పాదముతో మర్దింతురు. తాయిదేశపు మర్దనమున మోచేయి, మోకాలు, పాదము వ్రేళ్లకు సాయపడును. ఆవిద్యను యునెస్కో సంస్థ 2019లో మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. జపానులో సుగియామా వాయిచీ అను నంధుడు పదునేడవ శతాబ్దమున అంధులకు సూచికావైద్యమును, మర్దనమును నేర్పు విద్యాశాలలను నెలకొల్పెను. కన్ను లేనివారికి స్పర్శయే కన్నైనప్పుడు, వ్రేలు చాలనివారికి ముంజేయి వ్రేలు కాకూడదా?

ఆచరణమున దీనిని ఇట్లు చేయవచ్చును. పెద్దలకు నూనె రాయునప్పుడు నేలమీద కూర్చుండి వంగక, తొడయెత్తు మంచముపైని, బల్లపైని పరుండబెట్టి, తాము నిలుచుండి, చేయి చాచి, దేహభారమును ముందునకు వంచవలయును. మణికట్టు వెనుకకు విఱిచినట్లుండరాదు. చేయియు ముంజేయియు నొక్క గీతగా నుండవలయును. వీపునకును తొడలకును ముంజేతిని వాడవలయును. గట్టిపడిన కండను బొటనవ్రేలితో పొడువక, రెండవచేతిని పైన నుంచి అఱచేతి మడమతోనో, మోచేతితోనో మెల్లగా నొక్కవలయును. ముఖమునకును, పాదముల సందులకును మాత్రమే వ్రేళ్లను మిగుల్చుకొనవలయును. గోరువెచ్చని నూనె చాలినంత యున్నచో ఒఱపిడి తగ్గి చేతికి శ్రమ తగ్గును. నూనెకు పిసినారితన మొనరించినచో మణికట్టు ఆవెల చెల్లించును.

పసిబిడ్డల మర్దనమునకు బలము నక్కఱయే లేదు. అందుచే మణికట్టు మెత్తనైనవారికి ఈభాగము తగియున్నది. అమెరికాలో టిఫనీ ఫీల్డును ఆమె తోడివారును 1986లో ప్రకటించిన పరిశీలనలో, నెలలు నిండక పుట్టిన బిడ్డలకు దినమునకు మూడుమాఱులు, మాఱునకు పదునైదు నిమిషములు, పదిదినములపాటు మెల్లగా నిమిరి కాలుచేతులు కదలించినంతలో, వారు తక్కిన బిడ్డలకంటె నూటికి 47 వంతులు హెచ్చుగా బరువు పెరిగిరి. ఆపని చేసినది బలము కాదు, నిదానము, స్పర్శ. కాని బిడ్డను ఎత్తుట దించుటలలో మణికట్టు చిక్కుకొనును. బొటనవ్రేళ్లను విడదీసి చంకలక్రింద పట్టి యెత్తుటకు మాఱుగా, అఱచేతిని క్రిందినుండి పోనిచ్చి ముంజేతిపై బిడ్డను తీసికొనవలయును. నీళ్లబిందెను ఒంటిచేత నెత్తి పోయరాదు. ఇంటివారొకరు చెంబుతో పోయుచుండగా తాను బిడ్డను మాత్రము పట్టుకొనవలయును.

ఇక సంఖ్య. మర్దనము చేయువారిని గూర్చి యితరదేశములలో జరిగిన పరిశీలనలలో మణికట్టు, బొటనవ్రేలు బాధపడుటయే ప్రధానముగా కనబడినది. కావున సుఖముగా నున్న చేతికిని హద్దు కావలయును. నొప్పి యొకమాఱు వచ్చి పోయిన యామె దినమునకు ఇద్దఱితో మొదలిడి, ఒకరికిని మఱియొకరికిని నడుమ అరగంట విరామ మిచ్చి, రెండువారములు తిమ్మిరి గాని వాపు గాని రానప్పుడే మూడవవారిని ఒప్పుకొనవలయును. పని ముగిసినను మఱునాటి ప్రొద్దుటివఱకు నొప్పి నిలిచియున్నచో నిన్న చేసినది యెక్కువ యని అర్థము. సౌందర్యశాలలో నెలజీతమునకు చేరి దినమునకు ఆఱేడుగురిని ఒప్పుకొనుటకంటె, తనయూరిలో ముగ్గురిని నమ్మకముగా చూచుకొనుట మేలు. పుంగనూరు పొట్టియావు పాలు కొలతకు కొంచెమే, వెన్నకు పేరుమోసినది. ఆయావును కలిగినవారెవ్వరును పెద్దయావుతో పోటీకి పంపరు గదా!

చేతికంటె మిన్నయగు తెలివి

వృత్తిలో మణికట్టుతో సంబంధము లేని భాగ మొకటి కలదు. అది మర్దనము చేయరాని వేళలను తెలిసికొనుట. అభ్యంగమును దినచర్యలో చేర్చిన వాగ్భటుడే, కఫపీడితులును, అజీర్ణము గలవారును, శోధనచికిత్స చేసికొన్నవారును అభ్యంగమును విడువవలెనని అష్టాంగహృదయమున చెప్పియున్నాడు. నేటి వైద్యము దీనికి మఱికొన్ని చేర్చినది. బాలింతకు ఒకకాలు మాత్రమే వాచి, పిక్క వెచ్చనై నొప్పి పెట్టినచో నందులో నెత్తురు గడ్డకట్టియుండవచ్చును. దానిని పిసికినచో గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయవచ్చును. అప్పుడు నూనెగిన్నెను ప్రక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పంపవలయును. శస్త్రచికిత్సచే కాన్పైనవారి కడుపును గాయము మానకమునుపు ముట్టరాదు. జ్వర మున్నప్పుడును, చర్మమున చీము పొక్కులున్నప్పుడును మర్దన మాపవలయును. పసిబిడ్డ ముక్కులో, చెవిలో నూనె వేయరాదు. నూనె ఊపిరిలోనికి పోయినచో ప్రమాదము. ఈతెలివి గల మర్దనకారిణి గట్టిగా పిసుకలేకపోయినను ఇంటికి రక్ష. ఇట్టివారు పదుగురు పడుచులకు పని నేర్పి, తాము దగ్గఱనుండి చూచుకొనవచ్చును. చేయి అలసినపిమ్మట నోటితో నేర్పుటయు వృత్తిలోని భాగమే.

ఈవృత్తిని చిన్నచూపు చూచుట తగదు. మర్దనమను పేర జరుగుచుండిన యక్రమములవలన లండనులో దీనికి అపకీర్తి రాగా, 1894లో నలుగురు నర్సులు పూనుకొని శిక్షితులైన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి. పరీక్షలు పెట్టిరి, నియమములు చేసిరి. 1920లో ఆసంఘమునకు రాజశాసనము లభించినది. నేటి భౌతికచికిత్సకుల సంఘముగా 1944లో పేరు మార్చుకొన్నది ఆసంఘమే. నలుగురు స్త్రీలు తమ పనికి తామే గౌరవము తెచ్చుకొన్న కథ యిది. మన దేశమునందును భౌతికచికిత్సాదులకు సంబంధించి 2021లో చట్టమైనది. మన పల్లెలలో నూనె రాయు స్త్రీలకు పట్టాలు లేకపోవచ్చును. శ్రద్ధ, శుచి, హద్దు ఎఱిగిన నడవడి యుండవచ్చును.

ఇంటివారి ధర్మము

ఇంతవఱకు చెప్పినది పనిచేయునామె ధర్మము. ఇక మన ధర్మ మేమి? “ఇంకొంచెము గట్టిగా రుద్దవ్వా!” యని మన మనునప్పుడు, ఆయవ్వ కాదనలేదు. కాదన్నచో రేపు వేఱొకరిని పిలుతురని భయము. కావున ఆమాటను మన నోటనుండియే తొలగింపవలయును. గట్టిగా పిసికినంతమాత్రమున మేలు హెచ్చునని తలపరాదు. నొప్పి పుట్టించు మర్దనము బాలింత యొడలికిని మంచిది కాదు. నేలమీద చాప పఱచుటకు మాఱు మంచమో బల్లయో చూపుదము. నీళ్లబిందె మనమే మోయుదము. తుడిచిన బట్టలను ఉదికి పిండుమని ఆమెపై వేయకుందము. ఆమె వచ్చినది నూనె రాయుటకు గాని చాకిరికి గాదు.

కూలి మాటయు నున్నది. చీరయు, బియ్యమును, పసుపుకుంకుమలును పెట్టి పంపుట మన సంప్రదాయము, అది మంచిదే. కాని చీర మందులంగడిలో చెల్లదు. దినమున కింత యని డబ్బు ముందే మాటాడి యిచ్చినచో, ఆమె నలుగురి యిండ్లకు పరుగెత్తక ఇద్దఱి యిండ్లతో తృప్తిపడగలదు. ఆమె మణికట్టును విఱుచునది నూనె కాదు, చాలని కూలి. చేయి నొప్పియై పదిదినములు రాలేనన్నప్పుడు, తిరిగివచ్చిన తరువాత నామెనే పిలుచుట కూడ నొక చికిత్సయే. పని పోవునను భయము లేనప్పుడే మనుష్యుడు నొప్పిని దాచకుండ చెప్పును.

మదనపల్లె ప్రక్కనే 1915లో ఆరోగ్యవరము క్షయచికిత్సాలయము వెలసినది. క్షయకు సరియైన మందు లేని ఆనాళ్లలో అచ్చట రోగులకు గాలి, ఆహారము, విశ్రాంతియే ముఖ్యౌషధములు. ఊపిరితిత్తికి విశ్రాంతి యిచ్చుట వైద్యమని ఒప్పుకొన్న సీమ యిది. చేతికి విశ్రాంతి యిచ్చుట సోమరితనమని యేల యనవలయును?

సోదరీమణులారా! మీయింట నిపుడు పురుడున్నచో, నూనె రాయవచ్చునామెను రేపు ఒక ప్రశ్న యడుగుడు: “రాత్రిపూట నీచేయి తిమ్మిరెక్కునా?” ఔనన్నచో ఆమెను ఆసుపత్రికి పోయి చూపించుకొనుమనుడు, ఆనాటి కూలిని మాత్రము తగ్గింపకుడు. మీబిడ్డ యొడలిని ఉక్కువలె చేసిన చేయి అది. అది మఱి పదియేండ్లు పనిచేసినచో, మీకోడలి పురిటికిని ఆచేయియే రాగలదు.